ఓర్పును ఎక్కడ కొలవాలి? స్వలింగ వివాహ వాదంలో అసహనం ఎవరిది

2013 జులైలో అమెరికాలోని సిన్సినాటి నుంచి బయలుదేరిన ఒక వైద్య విమానం బాల్టిమోర్ విమానాశ్రయంలో రన్‌వే పక్కన ఆగింది. లోపల జాన్ ఆర్థర్, ఆయన పక్కన జిమ్ ఓబర్గఫెల్. ఏఎల్ఎస్ అనే నరాల వ్యాధి ఆర్థర్‌ను కదలలేని స్థితికి తెచ్చింది. ఇద్దరూ రెండు దశాబ్దాలకు పైగా కలిసి బతికినవారు. సొంత రాష్ట్రం ఒహాయో తమ పెళ్లిని ఒప్పుకోదు కాబట్టి, ఒప్పుకునే మేరీలాండ్ దాకా వచ్చారు. ఆర్థర్ దిగలేరు. అందుకే పెళ్లి విమానంలోనే జరిగింది. ఆ వెంటనే తిరుగు ప్రయాణం. మూడు నెలలకు ఆర్థర్ కన్నుమూశారు. ఆయన మరణ ధ్రువీకరణ పత్రంలో జీవిత భాగస్వామి పేరు రాయాల్సిన గడిలో ఓబర్గఫెల్ పేరు రాయడానికి అప్పటి ఒహాయో చట్టంలో చోటు లేదు.

ఆ పెళ్లి జరిగి తొమ్మిది నెలలు తిరగకముందే, 2014 ఏప్రిల్ 3న, బ్రెండన్ ఐక్ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా సంస్థ సీఈఓ పదవికి రాజీనామా చేశారు. జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషను రూపొందించిన మనిషి ఆయన, సంస్థ స్థాపకుల్లో ఒకరు. పదవి చేపట్టి పట్టుమని రెండు వారాలు కాలేదు. 2008లో కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాలను నిషేధించడానికి పెట్టిన 8వ ప్రతిపాదనకు ఆయన 1,000 డాలర్లు విరాళం ఇచ్చిన సంగతి మళ్లీ చర్చకొచ్చింది. కొందరు ఉద్యోగులు బహిరంగంగానే తప్పుకోమన్నారు. ఒక డేటింగ్ సైట్ ఆ సంస్థ బ్రౌజర్ వాడేవారికి వేరేది చూసుకోమని సూచించింది. కింది ఉద్యోగుల్లో ఎవరినైనా ఆయన చిన్నచూపు చూశారన్న ఫిర్యాదు మాత్రం బయటికి రాలేదు.

స్వలింగ వివాహం గురించి వాదం మొదలైన ప్రతిచోటా ఒక పక్షం మొదటి కథ చెబుతుంది, మరో పక్షం రెండో కథ చెబుతుంది. ఇద్దరూ చివరికి అవతలివారి మీద వేసే ముద్ర ఒక్కటే: అసహనం. రెండు కథలూ జరిగినవే. వాటిని ఒకే పేరుతో పిలవవచ్చా, పిలిస్తే రెండూ ఒకే బరువు తూగుతాయా అన్నది తేల్చుకోకుండా ఈ వాదం ఒక్క అడుగు కూడా ముందుకు పడదు.

ముందు మాట సంగతి చూడాలి. తెలుగులో అసహనం అనే మాట రెండు పనులు చేస్తుంది. ఎదుటివాడు నసపెడితే కలిగే చిరాకు అసహనమే. ఎదుటివాడి నమ్మకాన్ని, బతుకును ఉండనివ్వకపోవడం కూడా అసహనమే. వాదం వేడెక్కినప్పుడు మొదటిదాన్ని చూపించి రెండోది అంటగట్టడం చాలా తేలిక. గొంతు పెంచినవాడు అసహనపరుడు అయిపోతాడు. మెత్తగా మాట్లాడుతూ ఎదుటివాడి హక్కుకు అడ్డంపడేవాడు పెద్దమనిషిగా మిగిలిపోతాడు. అంతకంటే సూటి మాట ఓర్పు. నొప్పి ఉన్నచోటే ఓర్పు ఉంటుంది. నచ్చిన పాటను ఎవరూ ఓర్చుకోరు, వింటారు. తప్పనిపించినదాన్ని, ఆపగల శక్తి ఉండి కూడా, ఆపకుండా ఉండనివ్వడమే ఓర్పు. దీనికి పక్కనే మరో మాట ఉంది, ఓర్వలేనితనం. పొరుగువాడికి మంచి జరిగితే, తనకు పోయేదేమీ లేకపోయినా, తట్టుకోలేకపోవడం. ఈ వాదంలో ఆ మాట అవసరం కూడా పడుతుంది.

ఈ కొలతతో చూస్తే, స్వలింగ వివాహం తప్పని నమ్మడం దానంతట అది అసహనం కాదు. నిజానికి ఆ నమ్మకం ఉన్న మనిషికే ఓర్పు చూపే అవకాశం ఉంటుంది. అలాగే ఆ నమ్మకం పొరపాటని, అది మనుషులను గాయపరుస్తోందని గట్టిగా చెప్పడం కూడా అసహనం కాదు. విమర్శ ఎంత ఘాటుగా ఉన్నా విమర్శే. ఇక ‘ఎవరెలా ఉంటే మనకేం’ అనేవారు సహనశీలురుగా చెలామణి అవుతుంటారు కానీ వారిది ఉదాసీనత. బలమైన గాలి వీస్తే ఉదాసీనత ఎటైనా ఒరుగుతుంది. ఎవరేం నమ్ముతున్నారన్న దగ్గర ఆగితే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. తనతో ఏకీభవించని మనిషికి ఏం జరగాలని కోరుకుంటున్నారు, దానికి ఏ శక్తిని వాడుతున్నారు అన్నదగ్గరే దొరుకుతుంది.

వ్యతిరేకుల వాదాల్లో అన్నిటికంటే బలమైనదాన్ని ఇక్కడ ఎదుర్కోవాలి. వారు అనేది ఇది: ‘ఇద్దరు మనుషులు కలిసి బతుకుతామంటే మేము అడ్డురావడం లేదు. అది వారిష్టం, మేము ఓర్చుకుంటాం. కానీ పెళ్లి అన్నది సమాజం ఇచ్చే గుర్తింపు. ఓర్చుకోమని అడగడం వేరు, దీవించమని అడగడం వేరు. దీవించనంత మాత్రాన అసహనపరులం ఎలా అవుతాం?’ దీన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు. ఓర్పుకు, ఆమోదానికి మధ్య తేడా నిజంగానే ఉంది. ఆ తేడాను చెరిపేసి ‘మమ్మల్ని మెచ్చుకోకపోతే మీరు ద్వేషిస్తున్నట్టే’ అని స్వలింగ వివాహ సమర్థకులు అన్న ప్రతిసారీ వారు ఓర్పు కంటే ఎక్కువే అడుగుతున్నారు.

అయితే పెళ్లి ఉత్త దీవెన అయితే ఆ వాదం నిలబడేది. అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు చూసే సంస్థ 2004లో లెక్కకడితే, భార్యాభర్తలా కాదా అన్నదాని మీద ఆధారపడిన నిబంధనలు ఒక్క కేంద్ర చట్టాల్లోనే 1,138 తేలాయి. ఎడిత్ విండ్సర్ సంగతి చూస్తే ఆ అంకె అర్థమవుతుంది. నలభై ఏళ్లకు పైగా తోడున్న థియా స్పయర్‌ను ఆమె 2007లో కెనడాలో పెళ్లాడారు. 2009లో స్పయర్ చనిపోయారు. భర్త చనిపోయిన స్త్రీ అయితే ఒక్క డాలర్ కూడా కట్టక్కర్లేని, చనిపోయినవారి ఆస్తి మీద పడే ఎస్టేట్ పన్ను కింద విండ్సర్ 3,63,053 డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఆసుపత్రిలో సంతకం ఎవరు పెట్టాలి, ఇల్లు ఎవరికి దక్కాలి, వేరే దేశంలో పుట్టిన తోడును వెంట తెచ్చుకోవచ్చా, పిల్లవాడికి చట్టప్రకారం ఇద్దరు తల్లిదండ్రులా ఒక్కరా: ఇవన్నీ ఆ ఒక్క కాగితానికి కట్టిన ముడులు. దీవెన ఇవ్వకపోవడం ఎవరి ఇష్టం వారిది. ఈ ముడులు విప్పేయడానికి ఓటు వేయడం మాత్రం మరొకరి బతుకు మీద చేయి వేయడమే.

ఇక్కడే వ్యతిరేకుల్లో ఇద్దరిని విడదీసి చూడాలి. డెన్మార్క్ 1989లోనే స్వలింగ జంటలకు నమోదిత భాగస్వామ్యం ఇచ్చింది. హక్కులు దాదాపు అన్నీ ఇచ్చి, పెళ్లి అన్న పేరు మాత్రం ఇవ్వలేదు. పెళ్లి అనే మాటకు పాత అర్థం కాపాడుకోవాలని మనస్ఫూర్తిగా కోరుకునేవారికి అదొక దారి చూపింది. ఒహాయోలో 2004లో ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణ అలాంటిది కాదు. పెళ్లితో పాటు, పెళ్లిని పోలిన ఏ చట్టబద్ధ హోదానూ గుర్తించకూడదని అందులో ఉంది. పేరు మీద పట్టింపు ఉన్నవారికి మొదటి వాక్యం సరిపోతుంది. రెండో వాక్యం ఎందుకు? దానికి పాత అర్థాన్ని కాపాడుకోవడం అనే కారణం చాలదు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చునే హక్కు మరో పేరుతోనైనా ఇద్దరు పురుషులకు దొరికితే ఎవరి పెళ్లికి ఏం లోటు? ఓర్వలేనితనం అన్న మాటకు ఇంతకంటే సరైన చోటు ఉండదు. ఒహాయో సవరణకు ఓటేసిన లక్షల మందిలో ఆ రెండో వాక్యాన్ని ఎందరు చదివారో ఎవరూ చెప్పలేరు. కానీ ఆర్థర్ పత్రంలో గడి ఖాళీగా ఉంచే అధికారానికి ఉన్న ఆధారాల్లో ఆ సవరణ ఒకటి.

పేరు వరకే పట్టింపు ఉన్న మనిషిని ఏమనాలి? పై కొలత ప్రకారం ఆయన అసహనపరుడు కాదు. ఆయన వాదం సరైనదా అన్నది వేరే ప్రశ్న. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 2005 డిసెంబర్‌లో ఫోరీ కేసులో దాన్ని తేల్చింది. తీర్పు రాసిన ఆల్బీ శాక్స్ వర్ణవివక్షపై పోరాడి, 1988లో ఆ ప్రభుత్వపు మనుషులు కారుకు పెట్టిన బాంబులో కుడిచేయిని, ఒక కంటి చూపును పోగొట్టుకున్న మనిషి. వేరుగా ఉంచి సమానమని చెప్పడం ఎలా ఉంటుందో ఆ దేశానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. అయినా ఆయన మత విశ్వాసులను నిందించలేదు. ప్రజాజీవితంలో మతానికి ఉన్న చోటును గౌరవిస్తూనే, ఒకరి మత విశ్వాసం మరొకరి రాజ్యాంగ హక్కుకు కొలబద్ద కాలేదన్నారు. ఎదుటివారి చిత్తశుద్ధిని ఒప్పుకుంటూనే వారి వాదాన్ని ఓడించవచ్చని చూపిన తీర్పు అది.

చిత్తశుద్ధి, హాని అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలని గుర్తించకపోవడం వల్లే నల్ల, తెల్ల జాతుల మధ్య వివాహాలతో పోలిక వచ్చినప్పుడు ఇరుపక్షాలూ భగ్గుమంటాయి. 1967లో లవింగ్ కేసుతో అమెరికాలో నల్ల, తెల్ల జాతుల మధ్య పెళ్లిళ్లపై నిషేధం కొట్టుకుపోయింది. ఆ నిషేధాన్ని సమర్థించిన వర్జీనియా కింది కోర్టు న్యాయమూర్తి, జాతులను దేవుడే వేర్వేరు ఖండాల్లో పెట్టాడని, అవి కలవడం ఆయన ఉద్దేశం కాదని రాశాడు. ఆయన నమ్మే రాసి ఉంటాడు. నమ్మి రాసినంత మాత్రాన ఆ చట్టం చేసిన హాని తగ్గలేదు. స్వలింగ వివాహ వ్యతిరేకులు ఈ పోలిక వినగానే తమను జాత్యహంకారులంటున్నారని నొచ్చుకుంటారు. పోలిక చట్టాల మధ్య అయితే నొచ్చుకోవాల్సిన పని లేదు. మనుషుల మధ్య అయితే నొచ్చుకోవడం న్యాయమే.

2015 జూన్ 26న ఓబర్గఫెల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో స్వలింగ వివాహాన్ని దేశమంతటా చట్టబద్ధం చేస్తూ తీర్పు ఇచ్చినప్పుడు, ఆ తీర్పు రాసిన జస్టిస్ కెనడీ ఆ గీతను జాగ్రత్తగానే గీశారు. స్వలింగ వివాహం తప్పనుకునే చాలామంది గౌరవప్రదమైన మతపరమైన, తాత్విక కారణాలతోనే అలా అనుకుంటున్నారని, వారిని గానీ వారి నమ్మకాలను గానీ కించపరచడం లేదని రాశారు. భిన్నాభిప్రాయ తీర్పు రాసిన జస్టిస్ అలిటోకు ఆ హామీ చాలలేదు. పాత నమ్మకం ఉన్నవారు ఇక నాలుగు గోడల మధ్య గుసగుసలాడుకోవాల్సిందేనని, బయట అదే మాట అంటే మూర్ఖులన్న ముద్ర వేసి అలాగే చూస్తారని భయపడ్డారు. ఆ భయం పూర్తిగా నిజం కాలేదు, పూర్తిగా అబద్ధమూ కాలేదు.

ముద్ర వేసేవారు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడటం మంచిది. గాలప్ సర్వే ప్రకారం 1996లో స్వలింగ వివాహాన్ని సమర్థించిన అమెరికన్లు 27 శాతం. 2023 నాటికి 71 శాతం. ఒబామా 2008లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ పెళ్లి అంటే స్త్రీ పురుషుల కలయికేనన్నారు. అయితే 8వ ప్రతిపాదనను ఆయన సమర్థించలేదు. 2012 మే నెలలో మనసు మార్చుకున్నట్టు ప్రకటించారు. ఈ లక్షలాది మంది ద్వేషంతో నిండినవారైతే ఇంత తక్కువ కాలంలో మారేవారు కాదు. కొడుకో, చెల్లెలో, పక్క బల్ల మీద పనిచేసే సహోద్యోగో ఒకరోజు తన నిజం చెప్పారు. విన్నవారి ఆలోచనలో కదలిక వచ్చింది. ఆ సంభాషణ జరగాలంటే అవతలి మనిషి వింటాడన్న నమ్మకం ఉండాలి. మొదటి మాటగానే ముద్ర వేస్తే ఆ తలుపు మూసుకుపోతుంది.

అయితే ముద్ర వేయవద్దన్న సలహాకూ ఒక హద్దు ఉంది. 2014 జనవరిలో ఐర్లాండ్ ప్రభుత్వ టెలివిజన్ కార్యక్రమంలో, పాంటీ బ్లిస్ పేరుతో రంగస్థలం మీద కనిపించే కళాకారుడు స్వలింగ వివాహాన్ని వ్యతిరేకించే కొందరిని పేరుపెట్టి స్వలింగ ద్వేషులన్నారు. వారు పరువునష్టం దావా వేస్తామనగానే టెలివిజన్ సంస్థ క్షమాపణ చెప్పి 85,000 యూరోలు చెల్లించింది. కొద్ది రోజులకే డబ్లిన్‌లోని ఆబీ థియేటర్ వేదిక మీద పాంటీ చెప్పిన సంగతి చిన్నదే. రోడ్డు దాటడానికి నిలబడినప్పుడు ఎవరో కారులోంచి తిట్టి పోతారు. ఆ తర్వాత తన నిలబడే తీరులో, చేతులు పెట్టుకున్న తీరులో ఏది తనను పట్టించిందోనని తనను తానే తడిమి చూసుకోవాల్సి వస్తుంది. రోజూ అలా తడుముకునే మనిషికి, తనకు జరుగుతున్నదాన్ని ఏ పేరుతో పిలవాలో ఆ అనుభవం లేనివారు నేర్పడం, దాని కోసం న్యాయవాదులను దింపడం ఓర్పు కిందికి రాదు. తమను విమర్శించేవారి నోరు మూయించడంలో వ్యతిరేక పక్షం కూడా వెనకబడలేదని ఆ ఉదంతం చూపిస్తుంది. మరుసటి ఏడాది మే 22న ఐర్లాండ్ ఓటర్లు 62 శాతం మంది స్వలింగ వివాహానికి అవునన్నారు.

మళ్లీ ఐక్ దగ్గరికి. పదవి ప్రైవేటు సంస్థది. ఎవరూ ఆయనను చట్టంతో కొట్టలేదు, సంస్థ కూడా ఆయనే తప్పుకున్నారని చెప్పింది. పైగా సంస్థకు ముఖంగా నిలబడాల్సిన మనిషి మీద ఉద్యోగులకు నమ్మకం ఉండాలన్న వాదనలో పస లేకపోలేదు. ఆయన విరాళం ఇచ్చింది అభిప్రాయం చెప్పడానికి మాత్రమే కాదు, అదే సంస్థలో పనిచేసేవారి పెళ్లిళ్లను ఆపే చట్టానికి. ఇన్ని ఒప్పుకున్నా ఒక ముల్లు మిగులుతుంది. ఆరేళ్ల కిందట, రాష్ట్రంలో 52 శాతం ఓటర్లు వేసిన వైపే తానూ నిలిచినందుకు, పనిలో ఏ తప్పూ చేయని మనిషి జీవనోపాధి కోల్పోవాలని కోరడం, ఆపగల శక్తి ఉండి ఆపకుండా ఉండటం అనే నిర్వచనానికి పూర్తిగా ఎదురు నిలుస్తుంది. ఆ మాట అన్నది వ్యతిరేకులు మాత్రమే కాదు. అదే నెలలో స్వలింగ వివాహ సమర్థకులు యాభై మందికి పైగా, ఆండ్రూ సలివాన్, జొనాథన్ రౌచ్ వంటి ఆ ఉద్యమ పెద్దలతో సహా, పెళ్లాడే స్వేచ్ఛతో పాటు విభేదించే స్వేచ్ఛ కూడా ఉండాలని సంతకాలు చేశారు. తమ పక్షం గెలుస్తున్న సమయంలో తమవారినే ఆగమనడం మామూలు ధైర్యం కాదు.

రెండు కేకుల కథ ఈ వాదంలో ఎక్కడ గీత పడాలో దగ్గరగా చూపిస్తుంది. 2012 జులైలో కొలరాడోలోని ఒక బేకరీకి ఇద్దరు యువకులు తమ పెళ్లి విందుకు కేకు అడగడానికి వెళ్లారు. వెంట వారిలో ఒకరి తల్లి కూడా ఉంది. స్వలింగ వివాహాలకు పెళ్లి కేకు చేయనని, పుట్టినరోజు కేకులు, బిస్కెట్లు అయితే ఇస్తానని యజమాని చెప్పాడు. కేకు ఎలా ఉండాలన్న మాట దాకా వెళ్లకుండానే ముగ్గురూ బయటికి వచ్చేశారు. ఇక రెండోది, 2014లో బెల్‌ఫాస్ట్‌లో. ఒక వినియోగదారుడు 36 పౌండ్ల 50 పెన్నీలకు ఒక కేకు ఆర్డరిచ్చాడు. దాని మీద స్వలింగ వివాహాన్ని సమర్థించండి అన్న నినాదం రాయాలి. దుకాణం మొదట డబ్బు తీసుకుని, తర్వాత తిరిగి ఇచ్చేసింది.

పైకి రెండూ ఒకటే. లోపల మాత్రం ఒకటి కాదు. బెల్‌ఫాస్ట్‌లో ఆ నినాదాన్ని ఎవరు అడిగినా ఇదే జవాబు వచ్చేది. అభ్యంతరం మాటకే గానీ మనిషికి కాదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2018 అక్టోబర్‌లో ఏకగ్రీవంగా తేల్చింది. ఎల్‌జీబీటీ హక్కుల కోసం దశాబ్దాలుగా పోరాడుతున్న పీటర్ టాచెల్ అంతకు రెండేళ్ల ముందే తన మొదటి అభిప్రాయం మార్చుకుని బేకరీ పక్షాన నిలిచారు. తాను నమ్మని నినాదాన్ని రాయమని ఎవరినీ బలవంతం చేయకూడదన్నారు. రేపు అదే న్యాయం ప్రకారం స్వలింగ ప్రేమికుడైన బేకరీ యజమాని తనను తిట్టే నినాదాన్ని తానే రాయాల్సి వస్తుంది కదా. కొలరాడోలో అడిగింది నినాదం కాదు. పక్క జంటకు ఇచ్చే వస్తువే, కొనే మనిషిని బట్టి లేదన్నారు. ఆ తేడా వల్లే మొదటి బేకరీ మీద ఫిర్యాదు న్యాయమైనది, రెండోదాని మీద ఫిర్యాదు అతి.

కొలరాడో కథలో మరో మలుపు ఉంది. ఫిర్యాదు విన్న రాష్ట్ర పౌరహక్కుల కమిషన్‌లో ఒక సభ్యురాలు, మతం పేరు చెప్పి బానిసత్వాన్ని, యూదుల ఊచకోతను కూడా సమర్థించారని, ఇతరులను గాయపరచడానికి మతాన్ని వాడటం హేయమని విచారణలోనే అన్నారు. స్వలింగ సంబంధాలను తిట్టే సందేశాలతో కేకులు చేయబోమన్న మరో మూడు బేకరీలను అదే కమిషన్ తప్పుపట్టలేదు. 2018 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో కమిషన్ నిర్ణయాన్ని కొట్టేసింది. అసలు ప్రశ్నను తేల్చకుండా, తీర్పు చెప్పాల్సిన కుర్చీలో శత్రుభావం కనిపించిందన్న కారణంతోనే. గెలవాల్సిన కేసును కమిషన్ తన నోటితో ఓడగొట్టుకుంది. ఆ ఇద్దరు యువకులకు దుకాణంలో జరిగిన అవమానానికి జవాబు ఆరేళ్ల తర్వాత కూడా దొరకలేదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ వాదించుకునే వీలున్న చోట్ల జరిగినవి. ఆ వీలే లేని చోట్లు చాలా ఉన్నాయి. నైజీరియాలో 2014 జనవరిలో స్వలింగ వివాహ నిషేధ చట్టం వచ్చింది. అలాంటి పెళ్లి చేసుకుంటే 14 ఏళ్ల జైలు, సాక్షిగా ఉంటే, స్వలింగ ప్రేమికుల సంఘానికి మద్దతిస్తే 10 ఏళ్లు. రష్యా సుప్రీంకోర్టు 2023 నవంబర్‌లో ఎల్‌జీబీటీ ఉద్యమాన్నే తీవ్రవాదంగా ప్రకటించింది. అక్కడ ‘రెండు పక్షాల’ గురించి మాట్లాడటం అర్థంలేనిది. ఒక పక్షం జైలు గోడ అవతల ఉంది.

చట్టం శిక్షించని చోట కూడా వినకుండా కొట్టిపారేయడం ఉంటుంది. భారత సుప్రీంకోర్టులో 2023లో పది రోజుల పాటు స్వలింగ వివాహ పిటిషన్ల మీద వాదనలు నడిచాయి. ఇది నగరాల్లోని ఉన్నత వర్గాల ఆలోచన అని కేంద్రం కోర్టుకు రాసి ఇచ్చింది. అలాంటి లెక్క ఏదీ లేదని ప్రధాన న్యాయమూర్తి ధర్మాసనం నుంచే అన్నారు. అక్టోబర్‌లో వచ్చిన తీర్పు, పెళ్లి ప్రాథమిక హక్కు కాదని, నిర్ణయం పార్లమెంటుదని తేల్చింది. పార్లమెంటుకే వదలాలన్న వాదం గౌరవించదగినదే. దానిలో ఓర్పుకు చోటుంది. అడుగుతున్నవారు ఏ వర్గమో చెప్పి అడిగినదాన్ని పక్కనపెట్టడం మాత్రం వాదమే కాదు.

అసహనపరులను సహించకూడదంటూ తత్వవేత్త కార్ల్ పాపర్ పేరు చెప్పేవారు స్వలింగ వివాహ సమర్థకుల్లో తరచూ కనిపిస్తారు. ఆయన 1945లో రాసిన ఆ మాటల్లో సగం వదిలేస్తే తప్ప అలా వాడటం కుదరదు. హేతువుతో ఎదుర్కోగలిగినంత కాలం, ప్రజాభిప్రాయంతో అదుపులో ఉంచగలిగినంత కాలం అసహన భావాలను అణచడం తెలివితక్కువతనమని ఆయనే అన్నారు. వాదం వినవద్దని తమవారికి నూరిపోసి, వాదానికి పిడికిలితో, తుపాకీతో జవాబు చెప్పేవారి విషయంలోనే అణచే హక్కు ఉంచుకోమన్నారు. తన వారికి ఉత్తరం రాసిన మతగురువు ఆ కోవలోకి రాడు. అయినా 2015లో ఆస్ట్రేలియాలోని హోబార్ట్ ఆర్చ్‌బిషప్ పంచిన, సంప్రదాయ వివాహాన్ని సమర్థించే కరపత్రం మీద వివక్ష నిరోధక కమిషన్‌కు ఫిర్యాదు వెళ్లింది. తర్వాత ఉపసంహరించుకున్నారు. వెళ్లకుండా ఉంటేనే బాగుండేది.

కాబట్టి రెండు పక్షాల్లోనూ అసహనం ఉంది. ఉందని ఒప్పుకున్నాక, ఇద్దరూ సమానమే అని చేతులు దులుపుకోవడం మాత్రం అన్యాయం. స్వలింగ వివాహం చట్టబద్ధమైన దేశంలో వ్యతిరేకికి పోయేవి ఉన్నాయి: తన మాటే లోకం మాట అన్న ధీమా, కొందరి దృష్టిలో గౌరవం, అరుదుగా ఉద్యోగం. అతని పెళ్లి, ఇల్లు, పిల్లలు, ప్రార్థనా మందిరం ఎక్కడివక్కడే ఉంటాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2013 చట్టం ఏ మత సంస్థనూ బలవంతపెట్టకుండా ఒకదాని మీద ఒకటి తాళాలు వేసి మరీ వచ్చింది. స్వలింగ వివాహం లేని దేశంలో ఆ జంటకు పోయేది మరణ పత్రంలో గడి, ఆసుపత్రి గదిలో చోటు, బిడ్డ మీద హక్కు. ఒకరికి కలిగేది నొప్పి. మరొకరికి జరిగేది నష్టం. నొప్పిని ఓర్చుకోమని అడగవచ్చు. ఓర్పు అన్న మాటకు అర్థమే అది. నష్టాన్ని ఓర్చుకోమని, అదీ తరతరాలుగా ఓర్చుకుంటున్నవారిని అడగడం మాత్రం బరువును తలకిందులుగా మోయించడమే.

చిక్కల్లా ఒకే కుర్చీలో నొప్పి, నష్టం రెండూ కలిసినప్పుడు వస్తుంది. ఆ కుర్చీ ప్రభుత్వోద్యోగిది. లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో 2002 నుంచి రిజిస్ట్రారుగా ఉన్న ఒక ఉద్యోగినికి, 2005 చివరిలో స్వలింగ జంటల నమోదు కూడా విధుల్లో చేరింది. తన క్రైస్తవ విశ్వాసం ఒప్పుకోదని ఆమె అన్నది. సహోద్యోగులు ఆ పని చూసుకుంటే ఏ జంటా ఒక్క నిమిషం కూడా ఎదురుచూడాల్సిన పని లేదు. అయినా స్థానిక మండలి పట్టుబట్టింది. 2013లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం మండలి చేసింది తన పరిధిలోదేనని చెప్పింది. ఇద్దరు న్యాయమూర్తులు విభేదించారు. చట్టం మండలివైపే ఉండవచ్చు. ఓర్పు మాత్రం ఆ ఇద్దరివైపు ఉంది.

కెంటకీలోని రోవన్ కౌంటీ క్లర్క్ కిమ్ డేవిస్ కథ వేరు. 2015లో ఆమె తాను పక్కకు తప్పుకోవడంతో ఆగలేదు. తన కార్యాలయంలో ఎవరూ ఎవరికీ వివాహ లైసెన్సు ఇవ్వకూడదన్నారు. లైసెన్సు కోసం వచ్చిన జంటలు ఖాళీ చేతులతో తిరిగి వెళ్లాయి. కోర్టు ఉత్తర్వు ధిక్కరించినందుకు ఆమె అయిదు రోజులు జైల్లో ఉన్నారు. ఆ అయిదు రోజుల్లోనే సహాయ క్లర్కులు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆమె చెప్పిన అభ్యంతరాల్లో ఒకటి, ఆ పత్రం మీద తన పేరు ఉంటుందన్నది. 2016లో కెంటకీ శాసనసభ పత్రాన్ని మార్చింది. క్లర్క్ పేరు ఉండాలన్న నిబంధన తీసేసింది. అందరికీ ఒకే పత్రం. దరఖాస్తు చేసేవారు తమ పేరు పక్కన వధువు, వరుడు, జీవిత భాగస్వామి అనే మూడింటిలో తమకు తగిన గడిలో టిక్కు పెడతారు.